క్యారమ్ బోర్డు అటక మీద, ఫోన్ దిండు కింద: టీనేజ్ పిల్లల స్క్రీన్ టైమ్‌ని దారిలో పెట్టడం ఎలా?

మా వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడు గొడవ చేయలేదు. సోఫాలో వెల్లకిలా పడుకుని తిరిగే ఫ్యాన్ వంక చూస్తూ నలభై నిమిషాలు గడిపాడు. తర్వాత లేచి కూర్చుని, "నాన్నా, ఇప్పుడు నేనేం చేయాలి?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"ఏదైనా పుస్తకం చదువుకోరా" అన్నాను. అనగానే నాకే నవ్వొచ్చింది. మా ఇంట్లో ఉన్న పుస్తకాలల్లా వాడి పాఠ్యపుస్తకాలు, నా ఆఫీసు డైరీలు. క్యారమ్ బోర్డు ఉంది గానీ అటక మీద, పాత కూలర్ వెనక. దించాలంటే పెద్ద స్టూలు కావాలి. ఆ స్టూలు కింద పోర్షన్ వాళ్లు తీసుకెళ్లి నెలయింది. వాడి సైకిల్‌కి గాలి లేదు. షటిల్ బ్యాట్‌కి రెండు తీగలు తెగి ఉన్నాయి. ఆ ఇంట్లో ఆ క్షణాన వాడుకోవడానికి సిద్ధంగా ఉన్న వస్తువు ఒక్కటే. దానికే నేను తాళం వేశాను.

ఫోన్ చెయ్యి చాస్తే అందుతుంది. మిగతావన్నీ నిచ్చెన వేస్తే గానీ అందవు. ఈ దూరాలను ఎలా మార్చాలో, మేం రెండు నెలలు తంటాలు పడి నేర్చుకున్నది కింద వరసగా రాశాను. 13 నుంచి 17 ఏళ్ల పిల్లలున్న ఇళ్లకు ఇది సరిపోతుంది. అంతకన్నా చిన్నపిల్లల సంగతి వేరు, వాళ్ల దగ్గర మన మాట ఇంకా చెల్లుతుంది.

1. మొదటి వారం చూడండి, అంతే

ఏదీ మార్చకండి, ఎవరినీ తిట్టకండి. ఒక వారం లెక్క మాత్రం రాయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి కిందికి జరిగితే "డిజిటల్ వెల్‌బీయింగ్ అండ్ పేరెంటల్ కంట్రోల్స్" అని ఉంటుంది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లోనే "స్క్రీన్ టైమ్". ఏ యాప్‌లో ఎంతసేపు ఉన్నారు, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి, ఫోన్‌ని ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నారు అన్నీ రోజువారీగా కనిపిస్తాయి. పిల్లలు నిద్రపోయాక దొంగచాటుగా చూడొద్దు. "ఈ వారం ఇంట్లో అందరి ఫోన్ల లెక్కా రాద్దాం" అని చెప్పి మీ ఫోన్‌తోనే మొదలుపెట్టండి.

మా ఇంట్లో మొదటి మంగళవారం లెక్క: వాడిది 3 గంటల 50 నిమిషాలు, నాది 4 గంటల 25 నిమిషాలు. వాడు నన్ను ఏమీ అనలేదు. నోట్‌బుక్‌లో నా అంకె కింద రెండు గీతలు గీశాడంతే.

అంకె కన్నా పనికొచ్చేది ఇంకోటి ఉంది. ఫోన్ చేతిలోకి తీసుకునే ముందు ఏం జరిగిందో పక్కన ఒక్క ముక్క రాయండి. ఐదారు రోజులు రాస్తే చాలు, మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు బయటపడతాయి. మా వాడికి మూడు తేలాయి. బడి నుంచి వచ్చి బూట్లు విప్పగానే ఒకటి. ట్యూషన్‌కి బయల్దేరే ముందు ఖాళీగా ఉండే 25 నిమిషాలు రెండోది. రాత్రి పడుకున్నాక మూడోది. మొదటి రెండు వేళల్లో వాడికి చేయడానికి వేరే పని లేదు, మూడో వేళలో ఆపమనే మనిషి లేడు. మేం చేసిందంతా ఈ మూడు చోట్లలోనే. మిగతా రోజంతా వాడు బాగానే ఉన్నాడు!

2. రోజులో మిగిలేది ఎంతో లెక్క కట్టండి

"రోజుకు ఎన్ని గంటలు చూడనివ్వొచ్చు?" అని అందరూ అడుగుతారు. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు గంటకు మించొద్దని మన పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2021లో చెప్పింది. టీనేజ్ పిల్లల విషయానికి వచ్చేసరికి మాత్రం మిగతా పనులతో తూకం కుదరాలని అంది. అంటే నిద్ర, ఆట, చదువు, ఇంట్లోవాళ్లతో గడిపే సమయం. వీటిని ముందు పక్కన పెట్టాక ఏం మిగులుతుందో చూడాలి.

తొమ్మిదో తరగతి పిల్లవాడి లెక్క వేద్దాం. టీనేజ్‌లో నిద్ర 8 నుంచి 10 గంటలు ఉండాలని నిద్ర వైద్యులు చెబుతారు. ఎనిమిదిన్నర అనుకుందాం. మిగిలింది పదిహేనున్నర. పొద్దున 7:30కి బడికి బయల్దేరి సాయంత్రం 5:30కి వస్తే పది గంటలు పోయాయి. స్నానం, తిండి, తయారవడం గంటన్నర. హోంవర్క్, చదువు రెండు గంటలు. ఇక చేతిలో ఉన్నది రెండే గంటలు. అందులో గంటసేపు ఒళ్లు కదలాలి, ఎందుకంటే 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేలాంటి కదలిక ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఈ లెక్క వాడి చేతే కాగితం మీద వేయించండి. మీరు చెబితే అది నీతిబోధ, వాడు వేస్తే తీసివేత. మా వాడు చివరికి వచ్చిన అంకెను చూసి, "మరి 3 గంటల 50 నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి?" అని వాడే అడిగాడు. నిద్రలోంచి.

ఇంటర్ పిల్లల లెక్క ఇలా కుదరదు. ఉదయం ఆరింటికి బస్సెక్కి రాత్రి ఎనిమిదింటికి దిగే అమ్మాయికి మిగిలేది ముప్పావు గంట. అందులో రీల్స్ చూసిందని గొడవ పెట్టుకోవడం అన్యాయం. అక్కడ మార్చాల్సినవి కాలేజీ వేళలు, అవి మన చేతిలో లేవు. వాళ్ల విషయంలో రాత్రి నిద్ర, ఆదివారం మధ్యాహ్నం, ఈ రెండే పట్టుకోండి. మిగతాది వదిలేయండి.

3. అన్ని నిమిషాలూ ఒకటి కావు

వారం లెక్కను మూడు కుప్పలుగా విడదీయండి. పని, మనుషులు, జారుడు.

లెక్కల డౌట్ కోసం వీడియో చూడటం, క్లాస్ గ్రూపులో హోంవర్క్ ఫొటో తీసుకోవడం, వీడియో ఎడిట్ చేయడం, కోడింగ్ నేర్చుకోవడం పని. అమెరికాలో ఉన్న పిన్నితో వీడియో కాల్, ఊరు మారిపోయిన స్నేహితుడితో కబుర్లు మనుషులు. ఒకదాని తర్వాత ఒకటి వేలితో తోసుకుంటూ పోయేదంతా జారుడు. జారుడుబల్ల ఎక్కినవాడు మధ్యలో ఆగలేడు కాబట్టి మా ఇంట్లో దానికి ఆ పేరు పడింది. సీరియల్‌కి ఎపిసోడ్ ముగింపు ఉంటుంది, క్రికెట్‌కి చివరి ఓవర్ ఉంటుంది. షార్ట్స్‌కి, రీల్స్‌కి ముగింపు ఉండదు. తర్వాత వచ్చేది బాగుంటుందో లేదో తెలియకపోవడమే వేలిని ఆడిస్తూ ఉంటుంది.

ఒక్కో యాప్ రెండు కుప్పల్లోనూ పడుతుంది. చెస్ సంగతే చూడండి. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది, వరంగల్ నుంచి అర్జున్ ఇరిగేశి వచ్చాడు, కాబట్టి పిల్లవాడు ఫోన్‌లో చెస్ ఆడుతుంటే మనకు ముచ్చటేస్తుంది. అయితే పదిహేను నిమిషాల ఆట ఆడి, ఓడిపోతే ఎక్కడ తప్పు చేశాడో చూసుకుంటే అది పని. ఒక్క నిమిషం ఆటలు వరసగా ముప్పై ఆడేస్తే అదీ జారుడే.

తగ్గించాల్సింది ఈ మూడో కుప్పనే. మొదటి రెండింటి జోలికి వెళ్తే పిల్లలు మనల్ని నమ్మడం మానేస్తారు.

4. మాట్లాడే వేళ

వాడి చేతిలో ఫోన్ ఉన్నప్పుడు ఫోన్ గురించి మాట్లాడకండి. మీరు కోపంగా ఉన్నప్పుడు అసలే వద్దు. ఎదురెదురుగా కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలి" అంటే టీనేజ్ పిల్లలు అక్కడికక్కడే తలుపులు మూసేస్తారు. చేతులకు పని ఉన్నప్పుడు, చూపులు కలవనప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. బండి మీద వెళ్తూ, బట్టలు మడతపెడుతూ, చిక్కుడుకాయలు ఒలుస్తూ మాట్లాడండి. మా ఆవిడ ఆ పనే చేసింది.

"నీ ఫోన్‌లో నీకు నిజంగా ఇష్టమైంది ఏంట్రా? పోతే బాధపడేది?"

"గేమ్. ఫ్రెండ్స్ అందరూ ఎనిమిదింటికి వస్తారమ్మా. మధ్యలో ఆపితే టీమ్ ఓడిపోతుంది, రేపు బడిలో తిడతారు."

"మరి పోయినా బాధ లేనిది?"

కాసేపు ఆగాడు. "షార్ట్స్. చూశాక ఏం చూశానో కూడా గుర్తుండదు."

అప్పటిదాకా నేను ఎనిమిదింటి గేమ్‌ని ఆపించాలని చూస్తున్నాను. అది వాడికి మనుషుల కుప్ప. ఆ ఒక్క మాటతో మా ఒప్పందం మారిపోయింది. రాత్రి 8 నుంచి 8:40 వరకు గేమ్ వాడి హక్కు, ఆ టైంలో ఎవరూ పిలవరు. దానికి బదులుగా షార్ట్స్ వాడు వదిలేస్తాడు. ఇచ్చిపుచ్చుకున్నట్టు ఉండాలి తప్ప జప్తు చేసినట్టు ఉండకూడదు.

ఒప్పుకున్నవి కాగితం మీద రాయండి. నాలుగైదు వాక్యాలు దాటొద్దు, రాత వాడిదే ఉండాలి. పెద్దవాళ్లకు కూడా కనీసం రెండు నియమాలు ఉండాలి. మా కాగితం ఫ్రిజ్ మీద ఉంది, మూడో లైను: "నాన్న అన్నం తినేటప్పుడు ఆఫీసు వాట్సాప్ చూడకూడదు".

5. నిమిషాల కన్నా చోటు ముఖ్యం

రోజూ గడియారం పట్టుకుని కాపలా కాయడం ఏ తల్లీ తండ్రీ చేయలేరు. చోటుకి పెట్టిన నియమాన్ని ఎవరూ కాపలా కాయనక్కర్లేదు. మేం పెట్టుకున్నవి మూడే.

అన్నం దగ్గర ఫోన్ ఉండదు. రాత్రి 9:30 తర్వాత ఇంట్లోని ఫోన్లన్నీ హాల్లో టీవీ పక్కన ఛార్జింగ్‌లో ఉంటాయి. పొద్దున పళ్లు తోముకుని, టిఫిన్ తినేదాకా ఎవరూ ముట్టుకోరు.

రెండోది అన్నిటికన్నా ముఖ్యం. మీకు ఒక్కటే చేసే ఓపిక ఉంటే అదొక్కటి చేయండి. "అలారం కోసం ఫోన్ పక్కన ఉండాలి" అంటారు, బజార్లో చిన్న అలారం గడియారం కొని ఇవ్వండి. "పాటలు వింటూ పడుకుంటా" అంటే పాత రేడియోనో, చిన్న స్పీకరో చూడండి. మీ ఫోన్ కూడా అదే ప్లగ్ బోర్డు దగ్గర ఉండాలి, లేకపోతే మూడో రోజుకే ఈ నియమం పోతుంది. మా ఇంట్లో అలాగే పోయింది కూడా, నా వల్లే. ఆఫీసు ఫోన్ వస్తుందని దిండు పక్కన పెట్టుకున్నాను. రాత్రి పదకొండింటికి వాడు నీళ్లకు లేచి నా గదిలో వెలుగు చూశాడు. మర్నాడు రాత్రి వాడి ఫోన్ హాల్లోకి రాలేదు. ఇప్పుడు నా రింగ్‌టోన్ గట్టిగా పెట్టి హాల్లోనే వదిలేస్తున్నాను. ఇన్ని నెలల్లో ఆ వేళకు వచ్చిన కాల్స్ రెండు, అందులో ఒకటి రాంగ్ నంబర్.

6. సెట్టింగ్స్ పని పది నిమిషాలు

ఇది త్వరగా ముగించేయొచ్చు. నోటిఫికేషన్లలో మనుషులు పంపే మెసేజ్‌లు తప్ప మిగతావన్నీ ఆపేయండి. యూట్యూబ్‌లో ఆటోప్లే తీసేయండి. డిజిటల్ వెల్‌బీయింగ్‌లో జారుడు యాప్‌లకు టైమర్ పెట్టండి, 30 నిమిషాలు దాటగానే ఆ రోజుకి యాప్ మూసుకుంటుంది. బెడ్‌టైమ్ మోడ్ పెడితే రాత్రి స్క్రీన్ నలుపు తెలుపులోకి మారుతుంది. రంగు పోతే రీల్స్ ఎంత చప్పగా ఉంటాయో మీరే చూడండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో 18 ఏళ్లలోపు వాళ్లకు "టీన్ అకౌంట్" ఉంటుంది. ఖాతా ప్రైవేట్‌గా ఉంటుంది, రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు రావు, గంట దాటితే ఆపమని గుర్తు చేస్తుంది. పుట్టిన సంవత్సరం అబద్ధం చెప్పి ఉంటే ఇవేవీ రావు, కాబట్టి ముందు అది చూడండి. గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో దూరం నుంచి ఫోన్‌ని లాక్ చేయొచ్చు. 13, 14 ఏళ్లకు అది పనికొస్తుంది గానీ పదహారేళ్ల వాడిమీద వాడితే అవమానంగా తీసుకుంటాడు.

ఏ తాళమైనా పిల్లలు తీయగలరు. యాప్ మూసుకుంటే బ్రౌజర్‌లో తెరుస్తారు, అదీ మూస్తే అమ్మమ్మ ఫోన్ ఉండనే ఉంది. వాళ్లు ఒప్పుకుని పెట్టుకున్న టైమర్ మాత్రమే నిలబడుతుంది.

7. ఇక అసలు పని: అటక మీదివి కిందికి దించడం

ఫోన్ తగ్గించడంతో ఆగిపోతే మా సోఫా, ఫ్యాన్ కథే మళ్లీ మొదలవుతుంది. ఖాళీ అయిన చోట ఏదో ఒకటి కూర్చోవాలి. అదేదో ముందే సిద్ధంగా ఉండాలి.

ఏ హాబీ? "నీ హాబీ ఏంటి?" అని అడిగితే ఏ టీనేజ్ పిల్లా జవాబు చెప్పదు. రెండు చోట్ల వెతకండి. తొమ్మిది, పదేళ్ల వయసులో గంటలకొద్దీ ఏం చేసేవాడో గుర్తు చేసుకోండి. తర్వాత ఇప్పుడు ఫోన్‌లో ఏం చూస్తున్నాడో చూడండి. బైకులు విప్పి బిగించే వీడియోలు చూసేవాడికి స్పానర్ల మీద మనసుందని అర్థం. వంట వీడియోలు చూసే పిల్లను పొయ్యి దగ్గరికి రానివ్వండి. మేకప్ వీడియోలు చూసే అమ్మాయికి రంగులు, గీతలు ఇష్టం కావచ్చు, మెహందీ కోన్ చేతికిచ్చి చూడండి. ఫోన్ లెక్కను నేరాల చిట్టాలా చదవకండి, అందులో మీ పిల్లల ఇష్టాలు రాసి ఉన్నాయి.

మా వాడు సైకిల్ స్టంట్ వీడియోలు చూసేవాడు. సొంత సైకిల్‌కేమో ఏడాదిగా గాలి లేదు. ఒక శనివారం ఇద్దరం పంక్చర్ వేయడానికి కూర్చున్నాం. ప్యాచ్‌లు, సొల్యూషన్ ట్యూబు, గరుకు కాగితం సైకిల్ షాపులో వంద రూపాయల లోపే వచ్చాయి. చక్రం విప్పి, టైరు అంచు ఎత్తి, ట్యూబు బయటికి లాగి గాలి కొట్టాం. బకెట్ నీళ్లలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పితే ఒకచోట బుడగలు సన్నగా దారంలా పైకి లేచాయి. "దొరికింది!" అని వాడు వేలుపెట్టి నొక్కాడు. తుడిచి, పెన్నుతో చుట్టూ గీసి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాశాం. ఇక్కడే తొందరపడ్డాం. సొల్యూషన్ ఆరి, ముట్టుకుంటే వేలికి అంటకుండా ఉన్నాకే ప్యాచ్ వేయాలి. తడి మీదే వేసేశాం, సాయంత్రానికి గాలి పోయింది. రెండోసారి ఐదు నిమిషాలు ఆగి వేశాం, నిలిచింది. మూడో రోజు మళ్లీ గాలి పోయింది! ఈసారి టైరు లోపల చెయ్యి పెట్టి మెల్లగా తడిమితే తుమ్మముల్లు మొన తగిలింది. దాన్ని తీయకుండా ఎన్ని ప్యాచ్‌లు వేసినా వృథాయే. ఇప్పుడు మా వీధిలో నలుగురు పిల్లల సైకిళ్లకు వాడే పంక్చర్లు వేస్తాడు. బడి నుంచి వచ్చాక ఉన్న ఆ మొదటి ఖాళీ అలా నిండింది, నేను ఏమీ చెప్పకుండానే.

దూరం తగ్గించండి. ఫోన్ తెరవడానికి ఒక్క సెకను పడుతుంది. హాబీ మొదలుపెట్టడానికి ఐదు నిమిషాల ఏర్పాట్లు కావాలంటే అది ఓడిపోతుంది. క్యారమ్ బోర్డు హాల్లో గోడకు ఆనించి ఉంచండి, ఇంకా మంచిది స్టాండు మీద పరిచే ఉంచండి, కాయిన్స్ పేర్చి, పౌడర్ డబ్బా పక్కన పెట్టి. బొమ్మలు వేసే పిల్ల పెన్సిళ్లు పెట్టెలో కాదు, బల్ల మీద గ్లాసులో ఉండాలి. ఇల్లు కాస్త చిందరవందరగా కనిపిస్తుంది. చుట్టాలొస్తే ఏమనుకుంటారో అని అన్నీ సర్దేసే ఇళ్లలో హాబీలు బతకవు.

ఒకరు తోడుండాలి. ఒంటరిగా చేసే హాబీ మొదట్లో నిలబడదు. క్యారమ్స్‌లో రెడ్ వేశాక ఫాలో పడలేదని ఎగతాళి చేయడానికి ఎదురుగా ఒక మనిషి కావాలి. షటిల్‌కి జోడీ కావాలి. మొదటి నెల ఆ జోడీ మీరే. ఆ తర్వాత పక్కింటి పిల్లలు వస్తారు, మీరు తప్పుకోవచ్చు, తప్పుకోవాలి కూడా.

బయట వెలుగులో జరిగేది ఒకటైనా ఉండాలి. రోజూ పగటి వెలుగులో ఆడుకునే పిల్లలకు త్వరగా సైట్ వచ్చే ముప్పు తగ్గుతుందని కంటి డాక్టర్లు చెబుతారు. ఆటలు పడని పిల్లలకు పిట్టలు పడతాయేమో చూడండి. మెర్లిన్ అని ఒక ఉచిత యాప్ ఉంది, అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షి విభాగం వాళ్లది. డాబా మీద నిలబడి ఆన్ చేస్తే వినిపించే కూతను బట్టి పిట్ట పేరు చెబుతుంది. గోరింక, పికిలిపిట్ట, లకుముకిపిట్ట, జెముడుకాకి అంటూ నోట్‌బుక్‌లో తెలుగు పేర్లు రాసుకోవడం పిల్లల పని, ఆ పేర్లు చెప్పడం తాతయ్యల పని. ఇది స్క్రీనే కదా అంటారా? పిల్లను గదిలోంచి డాబా మీదికి తెచ్చిన స్క్రీన్‌తో నాకు పేచీ లేదు.

డాబా ఉంటే మెంతికూర కూడా వేయించొచ్చు. రాత్రి నానబెట్టిన మెంతులు వెడల్పాటి తొట్టిలో చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలకలు, మూడు నాలుగు వారాల్లో పప్పులోకి కూర. ఇంత త్వరగా ఫలితం చూపించే మొక్క కాబట్టే మొదట ఇది చెబుతాను. టమాటాతో మొదలుపెడితే కాయ వచ్చేలోపు ఆసక్తి ఎండిపోతుంది.

చదివే పిల్లలైతే లైబ్రరీకి తీసుకెళ్లండి. మీ ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్ కింద రూపాయికి 8 పైసలు ఏళ్ల తరబడి కడుతూనే ఉన్నారు, ఒక్కసారి వెళ్లి చూస్తే పోయేదేముంది. కొన్ని శాఖల్లో పోటీ పరీక్షల పుస్తకాలు, పేపర్లే ఎక్కువ కనిపిస్తాయి, నిజమే. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో పిల్లల విభాగం మెరుగ్గా ఉంటుంది.

ఆడపిల్లల విషయంలో రెండు మాటలు. అన్నయ్య క్రికెట్‌కి వెళ్తే చెల్లెలు కూరగాయలు తరగడాన్ని "వంట హాబీ" అని రాసుకోకండి. ఆమె ఎంచుకుని, ఆమెకు నచ్చింది వండితే హాబీ, మిగతాది ఇంటి పని. ఇంటి పని ఇద్దరికీ సమానంగా పంచండి. రెండోది, బయట తిరగడానికి చోటు లేకపోవడం వల్లే చాలామంది అమ్మాయిలు గదిలో ఫోన్‌తో ఉండిపోతారు. "ఎప్పుడు చూసినా ఫోనే" అని ఆ అమ్మాయినే తిడతాం! అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, డాబా మీదో సాయంత్రం ఒక గంట అమ్మాయిలకే షటిల్ అని నలుగురు తల్లులు కలిసి ఏర్పాటు చేస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

హాబీకి మార్కులు పెట్టొద్దు. మనవాళ్ల పెద్ద జబ్బు ఇది. పిల్ల నాలుగు రోజులు కీబోర్డు వాయిస్తే ఐదో రోజు క్లాసులో చేర్పిస్తాం, ఆరో నెలలో గ్రేడ్ పరీక్ష, మధ్యలో "పక్కింటి పాప ఎంత బాగా వాయిస్తోందో". బొమ్మ వేస్తే వెంటనే ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతాం. అది కూడా ట్యూషన్‌లా మారగానే పిల్లలు మళ్లీ ఫోన్‌లోకి పారిపోతారు, ఎందుకంటే అక్కడ ఎవరూ "ఇంకా బాగా చెయ్యి" అనరు. ఏడాదిపాటు చెత్తగా చేసే స్వేచ్ఛ ఇవ్వండి. మొదటి నెల ఖరీదైనవేవీ కొనకండి. మూడు వారాలకు వదిలేసినా "డబ్బంతా దండగ" అనే మాట రాకుండా ఉంటుంది.

మొదటి రెండు వారాలు "బోర్" అనే మాట రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. దానికి మందు వేయకండి. వెంటనే సినిమాకో మాల్‌కో తీసుకెళ్తే ఆ బోర్ పనిచేయదు. మా వాడు క్యారమ్ బోర్డును మొదటిసారి తనంతట తాను ముట్టుకుంది కరెంటు పోయి, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయిన సాయంత్రం.

8. సెలవులు, పరీక్షలు, పెళ్లిళ్లు

బడి రోజుల పద్ధతి సెలవుల్లో చెల్లదు. వేసవిలో దాదాపు ఏడు వారాల ఖాళీ ఉంటుంది, మధ్యాహ్నం ఎండకి బయటికి పంపలేం. అందుకే వేసవిలో స్క్రీన్‌ని మధ్యాహ్నం 1 నుంచి 4కి మార్చాం. ఉదయం, సాయంత్రం బయట. సంక్రాంతికి గాలిపటాలు, ముగ్గులు, చుట్టాల పిల్లలు ఉంటారు కాబట్టి ఫోన్ దానంతట అదే తగ్గుతుంది. ఆ నాలుగు రోజులు నియమాల ఊసెత్తకండి. పెళ్లిళ్లలో, ప్రయాణాల్లో కూడా చూసీ చూడనట్టు ఊరుకోండి.

పరీక్షల ముందు చాలామంది ఆట మాన్పించి, "రిలాక్స్ అవ్వు" అని ఫోన్ ఇస్తారు. తిరగేసి చేయండి. గంట చదివాక ఇరవై నిమిషాల షటిల్ ఆడితే తల తేలికపడుతుంది. ఇరవై నిమిషాల రీల్స్ నలభై అవుతాయి, లేచేసరికి ఇంకా బరువెక్కుతుంది.

9. తప్పినప్పుడు

తప్పుతుంది. రాత్రి ఒంటిగంటకు దుప్పటి కింద వెలుగు కనిపిస్తుంది. అప్పుడు ఫోన్ నేలకేసి కొట్టకండి, అర్ధరాత్రి పంచాయితీ పెట్టకండి. ఫోన్ తీసి హాల్లో పెట్టి పడుకోమనండి, మాట పొద్దున. శిక్ష ముందే కాగితం మీద రాసి ఉంటే వాదన ఉండదు. మాకు ఉన్నది: "తప్పితే మర్నాడు గేమ్ టైం ఉండదు". శిక్షగా ఆటని, హాబీని మాత్రం ఎప్పుడూ కోయొద్దు. "ఫోన్ చూశావు కాబట్టి గ్రౌండ్‌కి వెళ్లొద్దు" అన్నామంటే వాడిని మళ్లీ సోఫా మీదికి మనమే తోసినట్టు.

తాతయ్య, అమ్మమ్మలతో పేచీ వస్తుంది. "పాపం పిల్లాడు, కాసేపు చూసుకోనీ" అని తమ ఫోన్ ఇచ్చేస్తారు. వాళ్లను తప్పుపట్టే బదులు వాళ్లకో పని అప్పగించండి. మా మామగారు చేతిపేకలో దిట్ట. వాడికి డబ్బుల్లేకుండా పేక నేర్పించారు. మా ఆవిడకు అది నచ్చలేదు, నాకు నచ్చింది. ఆ చర్చ ఇంకా తేలలేదు.

10. ఇంట్లో తేలనివి

కొన్ని సంగతులు కాగితంతో, క్యారమ్స్‌తో తీరవు. నిద్ర, తిండి, స్నానం వదిలేసి ఆడటం, బడి ఎగ్గొట్టడం, ఇంట్లో డబ్బు మాయమవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం నెలల తరబడి సాగుతుంటే అది క్రమశిక్షణ సమస్య కాదు. "గేమింగ్ డిజార్డర్" పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ 11లో దీనికి చోటుంది, ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది, అయినా బ్యాంకు మెసేజ్‌ల మీద ఒక కన్నేసి ఉంచండి.

ఫోన్ మీద మునిగిపోవడం ఒక్కోసారి వేరే బాధకు ముసుగు. బడిలో ఎవరో వేధిస్తుండొచ్చు, ఆన్‌లైన్‌లో ఎవరో బెదిరిస్తుండొచ్చు. ఉన్నట్టుండి మనుషులకు దూరమైన పిల్లల దగ్గర ఫోన్ లాక్కోకండి, ముందు కారణం అడగండి. ఫోన్ తీసుకుంటే చచ్చిపోతానని అంటే దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకండి, ఆ పిల్లను ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. మీ ఊళ్లో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లడానికి సందేహించకండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో స్క్రీన్ వ్యసనం కోసమే "షట్ క్లినిక్" అని 2014 నుంచి నడుస్తోంది.

11. నెలకో ఆదివారం

నెలాఖరు ఆదివారం ఫ్రిజ్ మీది కాగితం తీసి ముందు పెట్టుకోండి. పనిచేయనిది కొట్టేయండి, కావాల్సింది రాయండి. వాడి వయసు పెరిగేకొద్దీ నియమాలు తగ్గాలి, అలా తగ్గుతాయని ముందే చెప్పి ఉంచండి. మళ్లీ వారం లెక్క చూడండి, కానీ జారుడు కుప్పనే చూడండి. మాది మొదటి నెల రోజుకు రెండు గంటల నుంచి గంటా పదికి వచ్చింది, రెండో నెల యాభై నిమిషాలకి. దసరా సెలవుల్లో మళ్లీ గంటన్నరకి పోయింది, తర్వాత దిగింది.

పోయిన ఆదివారం మా కాగితంలో రెండు మార్పులు జరిగాయి. షార్ట్స్ టైమర్ ఇక అక్కర్లేదని వాడు అన్నాడు, ఒక నెల చూద్దామని కొట్టేశాం. రెండోది వాడే కింద కొత్తగా రాశాడు: "క్యారమ్స్‌లో ఓడిపోతున్నప్పుడు నాన్న ఫోన్ వచ్చిందని లేచిపోకూడదు".